చెస్ట్‌నట్ వీథిలోని పాలరాతి బ్యాంకు

వర్తకము కులవృత్తిగాగల మన సోదరులకు బ్యాంకుల లేచుట, పడుట క్రొత్త కాదు. 1906లో మద్రాసున ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీసి వేలకొలది కుటుంబముల పొదుపును హరించెను. మఱుసటి యేడు ఇండియన్ బ్యాంకు పుట్టుటకు ఆ పతనమే ప్రేరకమయ్యెను. అంతకు అఱువదియైదేండ్ల పూర్వమే అమెరికాలో ఇట్టి కథయొకటి నడచినది. దానికి సాక్షియగు కట్టడము ఫిలడెల్ఫియా నగరమధ్యమున, చెస్ట్‌నట్ వీథిలో నేటికిని నిలిచియున్నది. మేము దాని చరిత్రమును మన సంచికకు వ్రాయబూనుటకు కారణ మిదియే.

1816లో అమెరికా ప్రభుత్వము ఇరువదియేండ్ల సన్నదుతో రెండవ యునైటెడ్ స్టేట్స్ బ్యాంకును నెలకొల్పెను. మూలధనము మూడున్నర కోట్ల డాలర్లు. అందు అయిదవవంతు ప్రభుత్వపు వాటా. ప్రథమాధ్యక్షుని కాలమున బ్యాంకు విచ్చలవిడిగా అప్పులిచ్చి, పిదప ఒక్కసారిగా వసూలునకు పూనుకొనెను. 1819లో దేశమంతటను వర్తకము కుంటుపడెను. రైతులు భూములు పోగొట్టుకొనిరి. ఆ యేడే బ్యాంకువారు తమ భవనమునకు పునాది వేసిరి! జనుల నమ్మకము సడలినవేళ పాలరాయి కొనుట మాకు వింతగా దోచుచున్నది. కాని మన పట్టణములలోను బేరము తగ్గిన కొట్టువాడే మొదట గుమ్మమునకు రంగు వేయించును గదా.

శిల్పి విలియం స్ట్రిక్లండు. ఏథెన్సు నగరపు పార్థెనాన్ దేవాలయము ఆయనకు మాతృక. ముందు నెనిమిది, వెనుక నెనిమిది డోరిక్ స్తంభములు. అడుగున పీఠము లేదు, పైన ముక్కోణపు నుదుట బొమ్మ లేదు. గ్రీకు గుడికి నలువైపుల గల స్తంభములను ప్రక్కల విడిచి, వెలుతురునకై గోడలలో కిటికీలు పెట్టెను. లోపల అర్ధవృత్తాకారపు కప్పుగల విశాలమైన మందిరమున లావాదేవీలు జరిగెడివి. పని 1824లో ముగిసెను.

అప్పటికి బ్యాంకధ్యక్షుడు నికొలాస్ బిడిల్. యౌవనమున గ్రీసుదేశమును చూచివచ్చిన విద్వాంసుడు. బ్యాంకును చక్కబెట్టిన సమర్థుడు. అయినను ఇంత ధనబలము ప్రజలకు లొంగని కొందఱి చేత నుండరాదని దేశాధ్యక్షుడు ఆండ్రూ జాక్సను తలచి, 1832లో సన్నదు పొడిగింపు బిల్లును నిరాకరించెను. మఱుసటి యేడు ప్రభుత్వధనమును అందు జమచేయుట మాన్పించెను. బిడిల్ పంతము పట్టి అప్పులు బిగించెను. జాక్సను మొండితనమును మేము సమర్థింపము. కాని రాజకీయవైరమునకై వర్తకుల గొంతు నొక్కుట అంతకంటె పెద్దతప్పని మా యభిప్రాయము. ఆ బిగింపువలన నష్టపడినవారు జాక్సను కాదు, చిన్న వ్యాపారులు.

1836లో సన్నదు తీరెను. పెన్సిల్వేనియా రాష్ట్రపు సన్నదుతో కొన్నాళ్లు నడచి, ప్రత్తిబేరములో చిక్కుకొని, 1841లో బ్యాంకు కూలెను. బిడిల్ 1844లో గతించెను. 1842లో ఆ నగరమునకు వచ్చిన ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్సు రాత్రివేళ తన బస కిటికీనుండి ఈ తెల్లని కట్టడమును చూచి, దాని దైన్యము రాత్రిప్రభావమేమో యనుకొనెనట. తెల్లవాఱినను తలుపులు మూసియే యుండెను. విచారింపగా అనేకుల సంపద సమాధియైన బ్యాంకని తెలిసెనని తన యాత్రాగ్రంథమున వ్రాసినాడు.

తన ధనము నిచట దాచనొల్లని ప్రభుత్వమే పిదప ఈ భవనమును చేపట్టి, 1845 మొదలు 1935 వఱకు సుంకపు కచేరి నడపెను. ఇప్పుడది జాతీయోద్యానశాఖవారి అధీనమున చిత్రశాల. ఒకప్పుడు నోట్లు మార్చిన మందిరమున చార్లెస్ విల్సన్ పీల్ మున్నగువారు చిత్రించిన అమెరికా స్వాతంత్ర్యయోధుల పటములు వ్రేలాడుచున్నవి.