గజాలీ గొంతు దిగని లుక్మా

కొన్నాళ్లుగా మా పత్రికాఫీసుకు వచ్చే ప్రెస్‌నోట్లలో ఒక మాట తరచుగా కనబడుతోంది. మైండ్‌ఫుల్ ఈటింగ్. నిదానంగా తినండి, బాగా నమలండి, ఫోను పక్కన పెట్టండి, బరువు తగ్గుతారు. దీనికి క్లాసులు, యాప్‌లు, ఫీజులు. చెప్పేది మంచి మాటే, కాదనను. కానీ ఇది కొత్తగా కనిపెట్టిన ఇల్మ్ అన్నట్టు రాస్తారే, అక్కడే నాకు నవ్వొస్తుంది. ఉర్దూ మీడియం బడిలో దీనియాత్ పాఠాలు చదువుకున్న ఏ పిల్లవాడినైనా అడగండి. బిస్మిల్లా అను, కుడిచేత్తో తిను, నీ ముందున్నదే తిను, చిన్న లుక్మా తీసుకో అని అప్పజెబుతాడు. లుక్మా అంటే ముద్ద.

ఆ పాఠం వెనక ఉన్న ఒక మనిషి కథ మాత్రం బడిలో ఎవరూ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత, ఉర్దూ తర్జుమాలో చదివాను.

ఇమామ్ అబూ హామిద్ గజాలీ 1091లో బగ్దాద్‌లోని నిజామియా మదర్సాకు ముదర్రిస్‌గా వచ్చాడు. సెల్జూక్ వజీర్ నిజాముల్ ముల్క్ పెట్టిన మదర్సా అది. ఆ కాలంలో ఒక ఆలిమ్‌కు అంతకంటే పెద్ద గద్దె లేదు. అక్కడ నాలుగేళ్లు వెలిగాడు. హిజ్రీ 488 రజబ్‌లో, అంటే 1095లో, పాఠం చెప్పడానికి నోరు తెరిస్తే మాట రాలేదు. తర్వాత తిండీ పోయింది. గుటకెడు షోర్బా దిగదు, ఒక్క లుక్మా హజం కాదు. హకీములు చూసి చేతులెత్తేశారు. ఈ రోగం దిల్‌లో పుట్టి ఒంట్లోకి దిగింది, లోపలి బేచైనీ పోనిదే దవా పనిచేయదు అన్నారట. ఈ సంగతంతా ఆయనే తన ఆత్మకథలాంటి పుస్తకం ‘అల్ మున్ఖిజ్’లో రాసుకున్నాడు. దాదాపు ఆరు నెలలు అలా గడిచాక, హజ్‌కు పోతున్నానని చెప్పి, గద్దె వదిలి బగ్దాద్ నుంచి వెళ్లిపోయాడు. డమాస్కస్, బైతుల్ మఖ్దిస్, మక్కా, మదీనా. ఆ తిరుగుడు కాలంలోనే ‘ఇహ్యా ఉలూముద్దీన్’ పుట్టింది.

ఇహ్యాలో నలభై కితాబులు, నాలుగు భాగాలు. మొదటి భాగం ఇబాదత్. రెండోది రోజువారీ బతుకు. ఆ రెండో భాగం దేనితో మొదలవుతుందో చూడండి. నికాతో కాదు, సంపాదనతో కాదు, అవి తర్వాత వస్తాయి. ముందు వచ్చేది తిండి ఆదాబ్. గొంతులో లుక్మా దిగని రోజులు చూసినవాడు లుక్మా గురించి రాశాడు. అందుకే ఆ పేజీల్లో అంత శ్రద్ధ అని నా ఖయాల్.

ఆయన చెప్పేది సాదాగా ఉంటుంది. ఆకలైతేనే కూర్చో. లుక్మా చిన్నది తీసుకో, బాగా నములు. నోట్లోది మింగేదాకా రెండో లుక్మాకు చెయ్యి చాపకు. తిండికి వంకలు పెట్టకు. కడుపు నిండకముందే చెయ్యి తీసేయ్. మేదాలో మూడో వంతు తిండికి, మూడో వంతు నీళ్లకు, మూడో వంతు ఊపిరికి అన్న ప్రసిద్ధ హదీస్ దారిలోనే ఇదంతా నడుస్తుంది.

ఇందులో నన్ను పట్టుకున్న భాగం వేరే ఉంది. నలుగురితో కలిసి తినేటప్పటి ఆదాబ్. దస్తర్‌ఖాన్ మీద మౌనంగా ఉండకు, మంచి మాటలు మాట్లాడు. పక్కవాడి హిస్సా మీద పడకు. ఎదుటివాడి నోటి వంక చూడకు, సిగ్గుపడతాడు. నువ్వు చెయ్యి తీసేస్తే మిగతావాళ్లు మొహమాటంతో ఆపేస్తారనుకుంటే ముందే లేవకు, కొంచెం కొంచెం తీసుకుంటూ వాళ్లకు తోడుగా కూర్చో. అంటే నిదానానికి కొలత నీ దవడలో లేదు, నీ పక్కవాడిలో ఉంది. నడుము చుట్టుకొలత ప్రస్తావన ఈ అధ్యాయంలో ఎక్కడా లేదు.

ఇంకో తమాషా. గజాలీ తన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో ఇబ్న్ సీనాను చీల్చి చెండాడాడు. మూడు మసలాల మీద కుఫ్ర్ ఫత్వా దాకా పోయాడు. అదే ఇబ్న్ సీనా ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’లో ఏమన్నాడు? ఇంకా కొంచెం భూక్ మిగిలి ఉండగానే తిండి ఆపాలి అన్నాడు. సృష్టి మొదలు దగ్గర కలవని ఇద్దరూ దస్తర్‌ఖాన్ దగ్గర కలిశారు. యునానీ హకీములు సెహత్‌ను నిలిపే ఆరు విషయాలను అస్బాబె సిత్తా జరూరియా అంటారు. గాలి, తిండీ నీళ్లూ, ఒంటి కదలిక, మనసు కదలిక, నిద్ర, విసర్జన. చార్మినార్ పక్కన నిజామియా తిబ్బీ కాలేజీలో పిల్లలు ఇవాళ్టికీ ఈ పాఠం చదువుతారు. బగ్దాద్ నిజామియాకూ దీనికీ సంబంధం లేదు, పేరు ఒకటైంది అంతే.

నమలడాన్నే మజ్‌హబ్‌గా చేసుకున్న అమెరికన్ ఒకడున్నాడు, హొరేస్ ఫ్లెచర్. లావుగా ఉన్నాడని ఇన్సూరెన్సు ఇవ్వకపోతే, తిండి నోట్లో నీళ్లయ్యేదాకా నమిలి బరువు తగ్గాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆయన వెనక పెద్ద పెద్దవాళ్లే నడిచారు. నమిలే లెక్క పెట్టుకుంటూ భోజనం చేయడం ఎంత నీరసమో ఊహించుకోండి. ఆ ఫ్యాషన్ ఎక్కువ కాలం నిలవలేదు.

కడుపు నిండిన ఖబర్ మెదడుకు చేరడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుందని డాక్టర్లు అంటారు. పేగుల్లోంచి వచ్చే హార్మోన్లు ఆ ఖబర్ మోస్తాయి. తొందరగా తినేవాడు ఖబర్ రాకముందే రెండో ప్లేటులో ఉంటాడు. నిదానంతో షుగర్ నయం కాదు, ఎంత తింటున్నామన్నదే అసలు లెక్క. కానీ ఆ ఎంత అన్నదాన్ని నిదానం తగ్గిస్తుంది.

ఇప్పుడు మన దావత్‌లు చూడండి. రాత్రి పదకొండు దాటాక దస్తర్‌ఖాన్ పరుస్తారు. మధ్యాహ్నం నుంచి కడుపు కాల్చుకున్న జనం. మరగ్ వచ్చి పోయేలోపు బిర్యానీ, బిర్యానీ సగంలో ఉండగానే డబుల్ కా మీఠా. ఇదంతా ఒక ఎత్తు, కుర్చీ వెనక నిలబడే మనిషి ఒక ఎత్తు. మన వీపు మీద చూపు పెట్టి, మనం ఎప్పుడు లేస్తామా అని నిలబడతాడు. అతని తప్పేం లేదు, అతనికీ ఆకలే. కానీ ఎదుటివాడి నోటి వంక చూడొద్దన్న ఆదాబ్ చదివిన ఖౌమ్ మనది. నలుగురు ఒకే తబక్ చుట్టూ కూర్చుంటే పక్కవాడి చేయి మన చేతికి లగాం వేస్తుంది. బార్కస్ వైపు అరబ్బు ఇళ్లలో ఆ రివాజు ఉంది. ఊరంతా పాకిన మండీ హోటళ్లు తబక్‌నైతే తెచ్చాయి, పక్కన ఫోటో తీసే ఫోన్ కూడా పెట్టాయి. మా ఖాందాన్‌లో షుగర్ గోలీ లేని ఇల్లు ఇప్పుడు నాకు గుర్తుకు రావడం లేదు.

ఈ మధ్య ఒక వలీమాలో మేజ్‌బాన్ కొత్త షర్తు పెట్టాడు. కూర్చున్నవాళ్లు లేచేదాకా లోపలికి ఇంకొకరు రాకూడదు. బయట కుర్చీలు వేయించి, బారీ కోసం ఆగినవాళ్లకు చాయ్ పోయించాడు. చివరి బారీ అయ్యేసరికి ఒంటిగంట దాటింది. కొందరు గొణిగారు, ఒకరిద్దరు తినకుండానే పోయారు కూడా. నా పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం ఖుబానీ మీద వేసిన గింజల్ని ఒక్కొక్కటే ఏరుకుని నములుతూ, తన అబ్బాజాన్ కాలం నాటి షాదీల గురించి చెబుతూనే ఉన్నాడు.