వాహన పైకప్పు ఏసీ

వాహన పైకప్పు ఏసీ అనగా బస్సు, కారవాన్ వంటి పెద్ద వాహనాల టాపుపై బిగించి, లోపలి గాలిని చల్లబరచే యంత్రం. లోపలి వేడిని గ్రహించే భాగం, దానిని బయటకు వదిలే భాగం రెండూ టాపుపైనే ఉండటం దీని ప్రత్యేకత. పల్నాడు వంటి అధికోష్ణ ప్రాంతాలలో ఇది వేసవిలో తరచుగా మొరాయిస్తుంది. అయితే చల్లదనం తగ్గినంత మాత్రాన యంత్రం చెడిపోయినట్లు కాదు. దుమ్ము పట్టిన కాయిలు, జారుతున్న బెల్టు, తిరగని ఫ్యాను వంటి చిన్న లోపాలు కూడా పెద్ద యంత్రం పాడైనట్లే కనిపిస్తాయి. కనుక మార్పిడికి ముందు లోపాన్ని సరిగా గుర్తించడం ముఖ్యం.

రకాలు

డీజిలు బస్సులలో సాధారణంగా కంప్రెసరు టాపుపై ఉండదు. అది ఇంజను వద్ద ఉండి బెల్టు ద్వారా తిరుగుతుంది. టాపుపైనున్న కాయిళ్ళకు, కంప్రెసరుకు నడుమ గొట్టాలుంటాయి. ఫ్యానులు 24 వోల్టుల విద్యుత్తుతో నడుస్తాయి.

కారవానులలో కంప్రెసరుతో సహా అన్ని భాగాలూ ఒకే పెట్టెలో ఉంటాయి. ఇది జనరేటరు లేదా బయటి కరెంటుతో నడుస్తుంది. అమెరికాలో ఇటువంటి ఏసీలు సాధారణంగా 13,500 లేదా 15,000 బీటీయూల సామర్థ్యంతో లభిస్తాయి. మన ప్రాంతంలో కారవాన్ అనగానే సినిమా షూటింగుల వద్ద నటీనటులు విశ్రమించే వాహనమే గుర్తుకు వస్తుంది.

పనిచేసే విధానం

కంప్రెసరు శీతలీకరణ వాయువును నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడి వాయువు కండెన్సరులో బయటి గాలికి వేడిని వదిలి ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటగానే ద్రవం పీడనం తగ్గి, ఇవాపరేటరులో మరిగి వాయువవుతూ వాహనంలోని గాలి నుండి గుప్తోష్ణాన్ని గ్రహిస్తుంది. అంటే ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, లోపలి వేడిని మోసుకుపోయి బయట పారవేస్తుంది. బయటనే విపరీతమైన వేడి ఉంటే ఆ పని కష్టమవుతుంది.

బస్సులలో విరివిగా వాడే ఆర్-134ఎ వాయువునే తీసుకొందాం. బయట 45 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు శుభ్రమైన కండెన్సరులో వాయువు సుమారు 60 డిగ్రీల వద్ద ద్రవమవుతుందనుకొంటే, అక్కడి పీడనం చదరపు అంగుళానికి దాదాపు 230 పౌన్లు. దుమ్ము వలన అది 70 డిగ్రీలకు చేరితే పీడనం 290 పౌన్లు దాటుతుంది. కంప్రెసరు శ్రమ పెరుగుతుంది, చల్లదనం తగ్గుతుంది, చివరకు పీడన స్విచ్చి దానిని ఆపివేస్తుంది.

పల్నాడు పరిస్థితులు

గురజాల, మాచర్లల నడుమనున్న రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ఊళ్ళలో ఒకటి. మే నెలలో అక్కడ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఈ అంకె నీడలో కొలిచినది. ఎండలో నిలిచిన బస్సు టాపుపై రేకును తాకి కండెన్సరులోకి వెళ్ళే గాలి అంతకంటే వేడిగా ఉంటుంది.

వేడికి దుమ్ము తోడవుతుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాలు సిమెంటుకు, నాపరాతికి ప్రసిద్ధి. నార్కట్‌పల్లి నుండి పిడుగురాళ్ల, నరసరావుపేటల మీదుగా అద్దంకి వెళ్ళే రహదారిపై హైదరాబాదు బస్సులతో పాటు సరుకు లారీలూ నిత్యం తిరుగుతుంటాయి. సున్నపు దుమ్ము విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. సున్నం క్షారం, కండెన్సరు రేకులు అల్యూమినియం, తడిసిన క్షారం అల్యూమినియాన్ని తినివేస్తుంది. కనుక ముందుగా పొడి గాలితో, గాలి లోపలికి వచ్చే దిశకు ఎదురుగా ఊది, ఆ తరువాత ధారాళంగా నీటితో కడగాలి. కొద్దిపాటి నీరు చల్లి వదిలివేయడం కంటే అసలు కడగకపోవడమే మేలు. కాస్టిక్ సోడా కలిసిన ద్రావణాలు వాడరాదు. ఊదేటప్పుడు కళ్ళకు అద్దాలు ధరించాలి.

జిల్లాలో నరసరావుపేట, మాచర్ల, పిడుగురాళ్ల, సత్తెనపల్లి, వినుకొండ, చిలకలూరిపేటలలో ఆర్టీసీ డిపోలున్నాయి.

లోపాన్ని గుర్తించడం

మొదట లోపలి గాలి వస్తున్నదో లేదో చూడాలి. గాలే రాకపోతే లోపం విద్యుత్తుది: ఫ్యూజు, రిలే, బ్లోయరు మోటారు కార్బన్ బ్రష్షులు, ఆల్టర్నేటరు. గాలి వచ్చినా తక్కువగా ఉంటే లోపలి జాలీ వెనుకనున్న ఫిల్టరును తీసి కడగాలి. ఫిల్టరు మూసుకుపోతే ఇవాపరేటరుపై మంచు పేరుకొని, ఉన్న గాలి కూడా ఆగిపోతుంది. ప్రయాణికుల తలపై నీరు కారుతుంటే అది సాధారణంగా మురుగు గొట్టం పూడుకున్నందువల్లనే గాని గ్యాసు లోపం వల్ల కాదు.

గాలి బాగానే వచ్చి చల్లగా లేనప్పుడు కంప్రెసరు క్లచ్చి పట్టుకొంటున్నదా, బెల్టు జారుతున్నదా, టాపుపై కండెన్సరు ఫ్యానులన్నీ సరియైన దిశలో తిరుగుతున్నాయా అని చూడాలి. ఈ చివరి పరీక్షకు టాపు ఎక్కవలసి ఉంటుంది కాబట్టి చాలాసార్లు దీనిని వదిలివేస్తారు. లోపం ఎక్కువగా అక్కడే దొరుకుతుంది.

అటుపిమ్మట గేజీలు. రెండు పీడనాలూ తక్కువైతే గ్యాసు తగ్గినట్లు. రెండూ ఎక్కువైతే కండెన్సరు మురికి, ఎక్కువ గ్యాసు, లేదా లోపల చేరిన గాలి కారణం. తక్కువ పీడనం వైపు శూన్యానికి దిగజారితే ఎక్కడో అడ్డు పడినట్లు. రెండు ముళ్ళూ దగ్గరకు వచ్చి నిలిస్తే కంప్రెసరు వాల్వులను అనుమానించాలి.

కారవాన్ ఏసీలో కంప్రెసరు గుర్రుమని ఆగిపోతుంటే ముందుగా వోల్టేజిని, ఆ తరువాత కెపాసిటరును పరీక్షించాలి. కెపాసిటరు కరెంటు తీసిన తరువాత కూడా షాకు కొట్టగలదు, దానిని డిశ్చార్జి చేసిన తరువాతనే ముట్టుకోవాలి. కొద్ది ధరకు దొరికే ఈ వస్తువు కోసం ఏసీ మొత్తాన్ని మార్చిన సందర్భాలు లేకపోలేదు.

గ్యాసు నింపడం

"గ్యాసు అయిపోయింది" అనే మాట తరచుగా వినిపిస్తుంది. ఈ వాయువు డీజిలు వలె ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే కారిందని అర్థం. కారే చోటు కనుగొనకుండా నింపితే ఆ సొమ్ము మళ్ళీ గాలిలో కలుస్తుంది. నైట్రోజనుతో పీడనం పెట్టి సబ్బు నురుగుతో అతుకులను పరీక్షించాలి. నైట్రోజనుకు బదులు ఆక్సిజను ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. నూనెతో కలిసి పేలుతుంది. మరమ్మతు తరువాత డ్రయ్యరును మార్చి, వ్యాక్యూం పంపుతో గాలిని, తేమను తొలగించి, యంత్రంపై పేర్కొన్న బరువు ప్రకారం తూచి నింపాలి.

ఆర్-134ఎ ఓజోను పొరకు హాని చేయకపోయినా, 100 ఏళ్ళ లెక్కలో కార్బన్ డయాక్సైడు కంటే సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూతాపాన్ని పెంచుతుంది. ఇటువంటి వాయువుల వాడకాన్ని తగ్గించే కిగాలీ సవరణ 2016లో కుదిరింది, భారతదేశం 2021లో ఆమోదించింది. కాబట్టి పాత గ్యాసును గాలిలోకి వదలకుండా సిలిండరులోకి తీయాలి.

మార్పిడి

కంప్రెసరు పట్టివేసినా, కాయిలు పలుచోట్ల చిల్లులు పడినా మార్పిడి తప్పదు. బస్సులలో కంప్రెసరునో, కాయిలునో విడిగా మార్చవచ్చు. కారవాన్ ఏసీలు కర్మాగారంలోనే సీలు చేసి వస్తాయి కనుక వాటిని సాధారణంగా మొత్తంగానే మారుస్తారు.

అమెరికా కొలతలలో టాపు రంధ్రం దాదాపు 36 సెంటీమీటర్ల చతురస్రం. ఏసీ బరువు 40 నుండి 50 కిలోలు. విద్యుత్తును పూర్తిగా తొలగించి, తీగల ఫొటో తీసి ఉంచుకొని, లోపలి నుండి బోల్టులు విప్పి దించుతారు. పాత గాస్కెట్టును గీకివేసి, రంధ్రం చుట్టూ టాపు మెత్తబడిందేమో చూసి, కొత్త గాస్కెట్టుపై ఏసీని ఈడ్వకుండా ఎత్తి దించాలి. బోల్టులను మూలమూలగా కొద్దికొద్దిగా, గాస్కెట్టు సుమారు సగం మందం అయ్యేవరకు బిగించాలి. మరీ బిగిస్తే నీరు కారడమే కాక టాపు వంగుతుంది.

బస్సు ఏసీ అంతకంటే చాలా బరువు, క్రేను అవసరం. విప్పిన గొట్టాల మూతులను వెంటనే మూయాలి. ఈ కంప్రెసరు నూనె గాలిలోని తేమను త్వరగా పీల్చుకొంటుంది.

ప్రమాదాలు

ఏసీ బస్సు కిటికీలు తెరుచుకోవు. అందువలన ఏసీ ఆగిన బస్సు మామూలు బస్సు కంటే వేడెక్కుతుంది. పిల్లలకు, వృద్ధులకు వడదెబ్బ ముప్పు ఉంటుంది. టాపుపైని అత్యవసర ద్వారాన్ని తెరిచి, బస్సును నీడలో ఆపి ప్రయాణికులను దించాలి.

నిలిపిన వాహనంలో ఏసీ వేసుకొని నిద్రించేవారికి మరొక ముప్పు జనరేటరు పొగ. దానిలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన ఉండవు. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద నిలిపి ఉన్న కారవానులో ఇద్దరు ఈ వాయువు వల్లనే మరణించారు. జనరేటరు పొగ లోపలికి చేరినట్లు తరువాత జరిపిన పరీక్షలో తేలింది. ఏసీ మార్చినప్పుడు పాత తీగల కోసం చేసిన రంధ్రాలను, నేల పలకలోని సందులను మూయవలసినది ఇందుకే.