విశాలాంధ్ర నుంచి తెలంగాణ దాకా: నల్లగొండ, పాలమూరు ప్రతిపక్షాల దారి

1952 ఎన్నికల నాటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉంది. పీపుల్స్ డెమోక్రాటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నల్లగొండ లోక్‌సభ స్థానంలో మూడు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. నెహ్రూకు కూడా అన్ని రాలేదు. జనం ఓటేసింది సాయుధ పోరాటంలో కమ్యూనిస్టులు దొరలను ఎదిరించినందుకు, పంచిన భూములకు. పార్టీ దాన్ని విశాలాంధ్రకు, అంటే తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం అన్న మాటకు కూడా ఆమోదంగా లెక్కగట్టుకుంది. చిక్కంతా ఈ లెక్కలోనే ఉందని నా అభిప్రాయం.

రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో విలీనానికి తొందర వద్దంది. 1961 ఎన్నికల దాకా హైదరాబాద్‌ను విడిగా ఉంచి, ఆ తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలపమంది. అధికార కాంగ్రెస్ రెండుగా చీలింది. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాకు చెందిన ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు మొదట తటపటాయించి, చివరికి విలీనానికి తలూపారు. ప్రతిపక్షానికి ఆ తటపటాయింపే లేదు. భాషను బట్టి జాతి, జాతిని బట్టి రాష్ట్రం అన్న సూత్రంతో అది ఢిల్లీ కంటే ముందే విలీనం కోరింది. కలిశాక తెలంగాణ వాటా ఏమిటని గట్టిగా నిలదీయాల్సిన పక్షం అలా ముందుగానే చేతులు కట్టేసుకుంది.

విలీనం జరిగాక, 1969లో ముల్కీ (స్థానికుల) ఉద్యోగాల గొడవ రాజుకున్నప్పుడు రెండు కమ్యూనిస్టు పార్టీలూ (సీపీఐ, సీపీఎం) సమైక్యం వైపే నిలిచాయి. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి ఇక్కడి 14 స్థానాల్లో 10 గెలిచింది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ మూడూ దాని ఖాతాలోవే. మిర్యాలగూడలో సీపీఎం నేత భీమిరెడ్డి నర్సింహారెడ్డి గెలిచారంటే, అది సాయుధ పోరాటం నాటి పేరు. ఆ ఏడాదే సమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది.

తర్వాతి ప్రతిపక్షాలకు సూత్రాల బరువు తక్కువ. 1997లో కాకినాడలో ఒక ఓటు, రెండు రాష్ట్రాలు అన్న బీజేపీ, తెలుగుదేశంతో పొత్తు కుదిరాక ఆ మాట పక్కన పెట్టింది. 2000లో మూడు కొత్త రాష్ట్రాలు పుట్టాయి, వాటిలో తెలంగాణ లేదు. 2008లో తెలంగాణకు సరేనన్న తెలుగుదేశం, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామన్న కేంద్రం 2009 డిసెంబర్ 9 ప్రకటన తర్వాత, రెండు ప్రాంతాలూ తనకు రెండు కళ్లన్న సిద్ధాంతం ఎత్తుకుంది. అంతకు ముందు ఆ ఏడాది ఎన్నికల్లో మహాకూటమిది మరీ విడ్డూరం: ప్రత్యేక రాష్ట్రమే ఊపిరిగా ఉన్న టీఆర్ఎస్, దాన్ని ఒప్పుకోని సీపీఎం ఒకే గొడుగు కింద చేరాయి. ఆ పొత్తులోనే టీఆర్ఎస్ అధినేత కేసీఆర్ మహబూబ్‌నగర్ ఎంపీ అయ్యారు. 2012లో అదే పట్టణ అసెంబ్లీ ఉపఎన్నికలో బీజేపీ మళ్లీ తెలంగాణ మాట పట్టుకుని టీఆర్ఎస్‌నే ఓడించింది.

సీపీఐ తెలంగాణకు జై కొట్టింది, సీపీఎం పాత మాట మీదే ఉంది. తెలంగాణ ఏర్పడిన 2014లో నల్లగొండ జిల్లాలో సీపీఎంకు ఒక్క అసెంబ్లీ సీటూ రాలేదు, సీపీఐకి దేవరకొండ ఒక్కటి దక్కింది. రెండేళ్లకు ఆ ఎమ్మెల్యే కూడా టీఆర్ఎస్‌లో చేరారు.