పి.టి. రెడ్డి మలిదశ చిత్రాలు: ‘నైరూప్యం’ అనే పదం – ఒక పరిశీలన

వయోవృద్ధుడైన చిత్రకారుని ఇటీవలి చిత్రాలు ప్రదర్శనకు వచ్చినప్పుడు తెలుగులో వెలువడే వ్యాసాలు తరచు జీవితచరిత్రకే పరిమితమవుతాయి. చిత్రం నైరూప్యమైతే దాని వర్ణన మరింత కుంచించుకుపోతుంది. ఇందుకు ‘నైరూప్యం’ అనే పారిభాషిక పదమూ కొంత కారణమని పాకాల తిరుమలరెడ్డి (1915–1996) మలిదశ చిత్రాల ఆధారంగా ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కరీంనగర్ ప్రాంతంలో జన్మించిన రెడ్డి బొంబాయిలోని సర్ జె.జె. కళాశాలలో శిక్షణ పొందారు. మనుషులను, దృశ్యాలను పాశ్చాత్య పద్ధతిలో చిత్రించడం ఆ శిక్షణకు పునాది. బిందువు, త్రికోణం, వృత్తం, పద్మం, సర్పం ఆయన చిత్రాలలో ప్రధానమవడం నడివయసు తరువాతి పరిణామం. 1985లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్యాలరీలో నవతాంత్రిక చిత్రకళా ప్రదర్శన జరిగినప్పుడు బిరేన్ డే, జి.ఆర్. సంతోష్‌ల చిత్రాల సరసన రెడ్డి చిత్రాలు కూడా చోటుచేసుకున్నాయి. అప్పటికి ఆయన వయసు 70 ఏళ్లు. ఆయనకు అక్కడ స్థానం కల్పించింది ఆ చిత్రభాషే.

ఈ చిత్రాలను నైరూప్యాలనడంలో చిక్కు ఉంది. వ్యుత్పత్తిరీత్యా ఆ పదం రూపం లేకపోవడాన్ని సూచిస్తుంది. తంత్ర సంప్రదాయంలోనైతే యంత్రమే దేవతకు రూపం. ఊర్ధ్వముఖ త్రికోణం శివునికి, అధోముఖ త్రికోణం శక్తికి సంకేతాలు. ఐరోపాలో కాందిన్‌స్కీ వంటివారు కంటికి కనిపించే వస్తువును క్రమంగా విడిచిపెడుతూ నైరూప్యాన్ని చేరుకున్నారు. రెడ్డి త్రికోణానికి అటువంటి పరిత్యాగం మూలం కాదు. అది మొదటినుంచీ అర్థవంతమైన రూపం. కనుక వీటిని ‘యంత్రరూప చిత్రాలు’ అనడం సముచితం.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కళాశాలల తరగతిగదులలో ఈ భేదాన్ని వివరించడానికి దూరపు ఉదాహరణలు అక్కరలేదు. వాకిట్లోని చుక్కల ముగ్గు ఏ వస్తువునూ అనుకరించకపోయినా దానికి రూపం లేదని ఎవరూ అనరు. సూర్యాపేట సమీపాన పిల్లలమర్రి ఆలయ స్తంభాలలో చతురస్ర, వృత్త భాగాలు ఒకదానిపై ఒకటి అమరిన తీరును కూడా ఇలాగే చూడవచ్చు. రెడ్డి వీటినుంచే గ్రహించారని దీని భావం కాదు. ఆయన చిత్రాలను చూడడానికి కావలసిన పరిచయం మన విద్యార్థికి ముందే ఉంది.

రెడ్డి సహధర్మచారిణి పాకాల యశోదారెడ్డి కథలు తెలంగాణ భాషా సాహిత్య అధ్యయనంలో సుప్రసిద్ధాలు. ఒకే ఇంట వికసించిన రెండు కృషులలో ఒకదాన్ని పదం పదం చదివి, రెండోదాన్ని పేరుతో సరిపెట్టడం సాహిత్యచరిత్రకూ లోటే. మలిదశ చిత్రాల అధ్యయనం చిత్రకారుని వయసును పక్కన పెట్టి, చిత్రంలోని గీతనుంచి మొదలుకావాలి.