నార్వే రైతుల క్రిస్మస్ బీరు, వాళ్ల ఇంటి తోడు

డిసెంబరు వచ్చిందంటే యూరప్, అమెరికా దేశాల్లో పండగ బీర్ల సందడి మొదలైతది. చిన్న చిన్న కంపెనీలు ఒక్కొక్కటి ఒక్కో రకం తీస్తయి. జనం పది రకాలు తెచ్చుకుని, రుచి చూసి, మార్కులేస్తరు. అక్కడున్న మన పిల్లలు కూడా ఆ సీసాల ఫొటోలు పంపుతుంటరు. ఈ పోస్టు తాగమని చెప్పడానికి కాదు, తాగొద్దని చెప్పడానికీ కాదు. ఈ పండగ బీరు వెనక నార్వే రైతులది పెద్ద చరిత్ర ఉంది. అందులో విత్తనం ముచ్చట ఉంది కాబట్టి మనకు పనికొస్తదని రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

నార్వే చలి దేశం. కొండలు, సముద్రపు పాయలు, మధ్య మధ్యలో చిన్న కమతాలు. ద్రాక్ష పండదు. పండేది బార్లీ, ఓట్లు. అందుకే అక్కడ పండగకు, పెళ్లికి, చావుకు అన్నిటికీ బీరే. చావు భోజనాన్ని వాళ్ల భాషలో ఇప్పటికీ "గ్రావ్ఓల్" అంటరు, అంటే గోరీ బీరు అని అర్థం. వెయ్యేళ్ల కింద ఆ దేశాన్ని ఏలిన హోకన్ అనే రాజు పాత యూల్ పండగను క్రిస్మస్ రోజులకు మార్చిండని, ప్రతి ఇంటివాడూ ఇంత కొలత బీరు కాచాలని, ఆ బీరు అయిపోయేదాకా పండగ చేయాలని చెప్పిండని పాత రాజుల కథల్లో ఉంది.

తర్వాత పశ్చిమ నార్వేలో గులాటింగ్ చట్టం అని వచ్చింది. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల పాతది. అందులో ఏముందో చూడండి. కనీసం ముగ్గురు రైతులు కలిసి బీరు కాయాలి. క్రిస్మస్ రాత్రి దాన్ని దేవుడికి చూపించి మంచి పంట, శాంతి కోరుకోవాలి. కాయనోడు బిషప్‌కు మూడు మార్కుల జరిమానా కట్టాలి. వరసగా మూడేళ్లు కాయకపోతే ఆస్తంతా పోతది, సగం రాజుకు, సగం బిషప్‌కు. చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తం చేసుకోకపోతే దేశం విడిచి పోవాల్సిందే. మరీ చిన్న రైతుకు మాత్రం మినహాయింపు ఇచ్చిండ్రు. మన దగ్గర కల్లు మీద, సారా మీద కాచినందుకు జరిమానాలు చూసినం గానీ, కాయనందుకు జరిమానా నేనెక్కడా వినలేదు.

ఇక కాచే పద్ధతి. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, మర పట్టిస్తరు. మనం రాగి మాల్ట్ చేసుకున్నట్టే. మొలకెత్తితే గింజలోని పిండి చక్కెరగా మారే గుణం వస్తది. జునిపర్ అని ఒక ముళ్ల చెట్టు కొమ్మలు వేసి నీళ్లు కాచి, ఆ నీళ్లలో మాల్ట్ కలుపుతరు. గంగాళం అడుగున కూడా అవే కొమ్మలు పరుస్తరు, జల్లెడ లెక్క పనిచేస్తయి. వోస్ అనే ప్రాంతంలో ఆ తియ్యటి నీళ్లను గంటల కొద్దీ మరగబెడ్తరు. హోర్నిండాల్ వైపు మరగబెట్టకుండనే పులియబెడ్తరు. స్త్యోర్దాల్ రైతులైతే ఇప్పటికీ కొందరు కలిసి కట్టుకున్న షెడ్లలో సొంత బార్లీని ఆల్డర్ కట్టెల పొగ మీద ఆరబెట్టుకుంటరు. వాళ్ల బీరుకు పొగ వాసన ఉంటది.

అసలు సంగతి ఇక్కడుంది. పులియాలంటే తోడు కావాలి కదా. ఆ తోడును పశ్చిమ నార్వేలో "క్వైక్" అంటరు. నిప్పు రాజేయడం అనే మాటకు ఇది చుట్టం. ఇదివరకు మన ఆడవాళ్లు పక్కింటికి పోయి పొయ్యిలోకి నిప్పు, పాలలోకి తోడు అడిగి తెచ్చుకునేది కదా. వాళ్లదీ అదే పద్ధతి. బీరు పులిసిన తర్వాత పైన తేలిన నురుగులోనో అడుగున మడ్డిలోనో కొయ్య ముక్కలతో చేసిన దండ లాంటిది ముంచి, అటక మీద వేలాడదీసి ఆరబెట్టేది. కొందరు రంధ్రాలు పెట్టిన కర్ర దుంగ వాడేది, కొందరు బట్ట ముక్క. అట్ల ఏడాది పైన కూడా బతికి ఉంటది. మళ్లీ కాచినప్పుడు ఆ దండ నీళ్లలో వేస్తే చాలు. ఒకరిది చెడిపోతే పక్కింటాయన దగ్గర తెచ్చుకునేది. ఇవ్వను అనే మాట లేదు, ఎందుకంటే రేపు తనది చెడిపోతే పోవాల్సింది ఆ ఇంటికే.

థర్మామీటర్లు లేని రోజులు. తోడు ఎప్పుడు వేయాలి? అప్పుడే పిండిన పాల వెచ్చదనం వచ్చినప్పుడు. రైతుకు ఇంతకన్నా మంచి కొలత ఏముంటది! అంటే 35 డిగ్రీల పైమాటే. మామూలు ఏల్ బీరు తోడు 20 డిగ్రీల దగ్గర పనిచేస్తది, 35 దాటితే చాలా రకాలు చెడు వాసన కొడ్తయి. క్వైక్ మాత్రం 40 దాకా కూడా శుభ్రంగా పనిచేస్తది, రెండు రోజుల్లో పని ముగిస్తది. వోస్ రకానికి నారింజ తొక్క వాసన వస్తదని అంటరు. మంచు దేశంలో ఎండను తట్టుకునే రకం ఎట్ల తయారైంది? ఏ శాస్త్రవేత్తా తయారు చేయలే. తరతరాలుగా రైతులు వెచ్చగా వేసి, బాగా పులిసిన దాన్నే దాచిపెట్టి, బాగా లేనిదాన్ని పారబోసిండ్రు. మనం మంచి కంకి ఏరి విత్తనానికి కట్టుకున్నట్టే.

20వ శతాబ్దంలో కంపెనీ తోడు ప్యాకెట్లలో వచ్చింది. చాలా ఇళ్లల్లో పాతది పోయింది. పొగ బీరు కాచే స్త్యోర్దాల్‌లో కూడా సొంత తోడు మిగల్లేదు, ఇప్పుడు రొట్టెలకు వేసే ఈస్ట్ వాడుతున్నరు. 1969లో ఒడ్ నోర్డ్‌లాండ్ అనే పండితుడు ఈ పద్ధతులన్నీ పుస్తకంగా రాసిపెట్టిండు, అప్పటికే చాలా ఊళ్లల్లో ఇది ముగిసిన కథ. వోస్‌లో సిగ్మండ్ యేర్నెస్ లాంటి కొద్దిమంది మాత్రం వదలలేదు. లార్స్ మారియస్ గార్షోల్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఊరూరా తిరిగి ఈ తోడులు సేకరించి, ల్యాబులకు పంపి, ఒక్కోదానికి నంబరు ఇచ్చిండు. యేర్నెస్ ఇంటిది ఒకటో నంబరు. 2018లో డీఎన్ఏ పరీక్షల వ్యాసం అచ్చయింది. క్వైక్ రకాలు మిగతా బీరు ఈస్ట్‌ల నుంచి వేరుగా, మనుషులు సాకి మచ్చిక చేసిన ఒక ప్రత్యేక గుంపు అని అందులో తేలింది.

ఆ తర్వాత అమెరికా, కెనడా ల్యాబులు దీన్ని ప్యాకెట్ కట్టి అమ్ముతున్నయి. చల్లబరిచే ఖర్చు తక్కువ కాబట్టి వేడి దేశాల్లో కాచేవాళ్లకు ఇది మరీ అనుకూలం. తప్పా ఒప్పా అంటే నాకు రెండు వైపులా కనిపిస్తుంది. ల్యాబులో చేరింది కాబట్టి ఇంక చచ్చిపోదు, అది నిజం. కానీ పక్కింటికి ఊరికే ఇచ్చిన వస్తువుకు ఇప్పుడు ధర ఉంది, ఆ ధర పెట్టింది సాకినోడు కాదు. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల చట్టం ఉంది. మన విత్తనం దాచుకోడానికి, మార్చుకోడానికి, బ్రాండు పేరు వేయకుండా అమ్ముకోడానికి అందులో హక్కు రాసి ఉంది. అది మొక్కలకే. పెరుగు తోడు, ఇడ్లీ పిండి పులుపు, కల్లు లొట్టిలో అంటుకుని ఉండే పులుపు దాని కిందికి రావు. సున్నం పూసిన లొట్టిలో నీరా తియ్యగా ఉంటది, పూయని లొట్టిలో చెట్టు మీదనే పులుస్తది. ఆ పులిపించే దాన్ని గీత కార్మికులు తరాలుగా సాకుతున్నట్టే లెక్క, కానీ దానికి మనం ఏ పేరూ పెట్టలే.

మార్కుల ముచ్చట చెప్పి ముగిస్తా. నార్వే పత్రికలు ఏటా క్రిస్మస్ బీర్లకు పరీక్ష పెడ్తయి. వీజీ అనే పేపరు 1952 నుంచి సినిమాలకైనా, మరి దేనికైనా పాచిక బొమ్మ వేసి, ఒకటి నుంచి ఆరు చుక్కల్లో మార్కులిస్తది. అక్కడ 4.7 శాతం దాటిన బీరు ప్రభుత్వ దుకాణంలోనే దొరుకుతది, మద్యం ప్రకటనలు 1975 నుంచి నిషేధం. అందుకే ఆ పాచిక చుక్కలకు అంత విలువ. ఇంట్లో కాచింది లైసెన్సు లేకుండా అమ్మడానికి లేదు కాబట్టి రైతు బీరు ఆ పోటీకి రాదు. దానికి వేరే పరీక్ష ఉంది, పేరు "ఒప్‌స్కోకె". పులిసిన బీరును పీపాలోకి మార్చే రోజు చుట్టుపక్కల వాళ్లు వచ్చి కూర్చుంటరు, గిన్నె చేతులు మారుతది, ఎట్లుందో మొహం మీదే చెప్తరు. మన దగ్గర ఇది పోద్దాటి కల్లా, పండుదాటి కల్లా, ఈతదా అని ఒక్క గుక్కలో చెప్పే పెద్దమనుషులు ఉన్నట్టే. 2016 నుంచి హోర్నిండాల్‌లో ఇట్లాంటి రైతు బీర్లకే ఒక పండగ జరుపుతున్నరు.

మీ ఊళ్లో లొట్టి ఎట్ల కడుగుతరు, కొత్త లొట్టికి పులుపు ఎట్ల పట్టిస్తరు, తెలిసినవాళ్లు కింద రాయండి.