నల్లరేగడిలో నాలుగు చక్రాల పట్టు

తుంగభద్ర ఎడమగట్టున వెలసిన ఆలంపూర్ పేరు వినగానే బాదామి చాళుక్యుల నవబ్రహ్మాలయాలు, జోగులాంబ దేవాలయము స్మృతికి వస్తాయి. ఈ క్షేత్రం చుట్టూ పరచుకొనియున్నది నల్లరేగడి నేల. వేసవిలో అది నెర్రెలు విచ్చి రాయివలె గట్టిపడుతుంది. వాన కురియగానే జిగురై గిట్టను, చక్రాన్ని పట్టుకొంటుంది. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ సీమ 1956 వరకు రాయచూరు జిల్లాలోనిది. తరువాత మహబూబ్‌నగర్ జిల్లాలోను, 2016లో గద్వాల జిల్లాలోను చేరినది. జిల్లాలు మారినను, తడిసిన చేనినుండి పంటను బాటకెక్కించుట అనే చిక్కు మాత్రము మారలేదు.

ఎద్దుబండి చక్రము తానై లాగదు, ఊరక దొర్లుతుంది. నేలలో నాటుకొని లాగేవి ఎద్దుల గిట్టలు. మోటారుబండిలో ఆ పని చక్రానిదే. చక్రానికి నేలమీద రాపిడి లేనప్పుడు ఎంతటి ఇంజనైనను నిరర్థకము.

మలుపులో వెలుపలి చక్రము లోపలి చక్రముకంటె ఎక్కువ దూరము పోవలెను. అందుకై ఇరుసు నడుమ డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక ఏర్పడినది. గట్టిబాటపై ఇది వరము, బురదలో శాపము. ఒక చక్రము జారి ఊరక తిరుగుతున్నప్పుడు, గట్టినేలనున్న రెండవ చక్రానికి కూడ అంత స్వల్పబలమే అందుతుంది. బండి కదలదు.

దీనికి మొదటి విరుగుడు నాలుగు చక్రాలకును బలమందించుట. ఇంగ్లండులో బ్రామా డిప్లాక్ 1893లోనే ఆవిరిబండికై ఇట్టి పద్ధతికి పేటెంటు పొందెను. మొదటి ప్రపంచయుద్ధపు బురదదారులలో ఇటువంటి లారీలు పనిచేసినవి. 1941నుండి విల్లీస్ జీపు ఈ పద్ధతిని లోకమంతట ప్రసిద్ధము చేసినది. స్వాతంత్ర్యము వచ్చిన కొత్తలో మహీంద్రా సంస్థ ఆ జీపులను మనదేశములో కూర్చనారంభించినది. జహీరాబాదులోని ఆల్విన్ నిస్సాన్ కర్మాగారము 1989లో ఆ సంస్థ చేతికే వచ్చినది.

ఇట్టి పికప్ బండ్లు పెక్కింటిలో ముందు ఇరుసును కలుపుటకు ఒక మీట ఉంటుంది. లో గేరు వేసినచో చక్రము మెల్లగా, మిక్కిలి బలముతో తిరుగుతుంది. పొడి తారురోడ్డుపై మాత్రము రెండిరుసులను గట్టిగా కలిపి నడపరాదు. మలుపులలో ముందు వెనుక ఇరుసుల వేగాలు భిన్నములగుటచే పళ్లచక్రాలు బిగిసి అరుగుతవి.

రెండవ విరుగుడు ట్రాక్షన్ కంట్రోలు. బాష్ సంస్థ 1978లో చక్రాలు బిగిసిపోకుండ కాపాడు బ్రేకును, 1986లో దాని ఆధారముననే ఈ సాధనాన్ని విపణికి తెచ్చినది. ప్రతి చక్రపు వేగాన్ని ఇది కనిపెట్టుచుండును. జారే చక్రానికి తానే బ్రేకు వేసి, బలము ఎదుటి చక్రానికి చేరునట్లు చేయును; అవసరమైన ఇంజను వేగాన్ని తగ్గించును. లోతైన బురదలో ఈ తగ్గింపే అడ్డుకావచ్చును. అప్పుడు దానిని కొంతసేపు ఆపుట మేలు.

ఈ రెండును బండిని కదిలించుటకే గాని, ఆపుటకు ఉపకరించవు. 2009 అక్టోబరు వరదలో ఆలంపూర్ మునిగినది. అట్టి ప్రవాహము బండిని పైకెత్తినచో చక్రాలపై బరువు తగ్గి, నాలుగింటి పట్టును ఒక్కసారిగా పోవును. పారే నీటికి ఎదురుగా బండిని దింపకుండుటయే రక్షణ.