మంచం పక్కన మనిషి

1963 నవంబరు 23, తెల్లవారుజాము. ముందురోజే అధ్యక్షుడు కెనెడీని కాల్చి చంపారు. అమెరికా అంతా ఆ దుఃఖంలో ఉండగా ఒహాయో రాష్ట్రం ఫిచ్‌విల్‌లో గోల్డెన్ ఏజ్ నర్సింగ్ హోం తగలబడి 63 మంది చనిపోయారు. లేచి పరుగెత్తే ఓపిక లేని పెద్దవాళ్లు. అంతకు ఆరేళ్ల ముందు మిస్సోరి రాష్ట్రం వారెంటన్‌లో ఇలాంటి ఇంట్లోనే 72 మంది మంటల్లో పోయారు. నర్సింగ్ హోం నడపడానికి అంత ఖర్చెందుకని అడిగేవాళ్లకు నేను ముందుగా ఈ రెండు ఊళ్ల పేర్లు చెబుతాను.

మనకు నర్సింగ్ హోం అంటే పేటలో డాక్టరు గారి చిన్న ఆసుపత్రి. అమెరికాలో మంచం దిగలేని పెద్దవాళ్లు నెలలూ ఏళ్లూ గడిపే చోటు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం పేద వృద్ధులకు డబ్బు సాయం ఏర్పాటు చేసింది గానీ, సర్కారు నడిపే పేదల శరణాలయాల్లో ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వనంది. ఆ శరణాలయాలు మూతపడాలన్నది ఉద్దేశం. దాంతో పెద్ద ఇల్లున్నవాళ్లు గదుల్లో మంచాలు వేసి, ఆ సాయం సొమ్మే తీసుకుని ముసలివాళ్లను పెట్టుకున్నారు. ఖర్చు తక్కువ, కనిపెట్టుకుని ఉండే మనుషులూ తక్కువే. 1954లో, ఆసుపత్రుల నిర్మాణానికి కేంద్రం ఇచ్చే హిల్-బర్టన్ నిధులు ప్రభుత్వ, ధర్మసంస్థల నర్సింగ్ హోంల నిర్మాణానికి కూడా అందాక కట్టడాలు ఆసుపత్రి పోలికకు వచ్చాయి.

1965 జూలై 30న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో వృద్ధుల వైద్య బీమా మెడికేర్, పేదల వైద్య సాయం మెడికెయిడ్ వచ్చాయి. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లకు మెడికేర్ ఇచ్చేది ఎక్కువలో ఎక్కువ 100 రోజులకే. ఆపైన, ఉన్నదంతా కరిగిపోయినవాళ్ల భారం కేంద్రమూ రాష్ట్రమూ కలిసి మోసే మెడికెయిడ్‌ది. మొదట్లో చాలాచోట్ల పెట్టిన ఖర్చు చూపిస్తే డబ్బు వచ్చేది. అద్దె, వడ్డీ కూడా ఖర్చు కిందే లెక్క కాబట్టి ఒకే భవనం చేతులు మారుతూ ధర పెంచుకుంది. 1970లలో న్యూయార్క్‌లో జరిగిన విచారణల్లో ఇది బయటపడింది. ఆ పెరిగిన సొమ్ములో ముసలమ్మ పళ్లెంలోకి వచ్చిందేమీ లేదు.

నర్సింగ్ హోం ఖర్చుల్లో అన్నిటికంటే పెద్ద పద్దు జీతాలది. దాన్ని తగ్గించకూడదనే నా నమ్మకం. పక్షవాతంతో పడుకున్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ముద్ద నోట్లో పెట్టి, మింగేదాకా ఆగాలి. సగం పడకలు ఖాళీగా ఉన్నా రాత్రి నర్సు ఉండాల్సిందే. అయినా పొదుపు మొదలుపెడితే ముందు కోత పడేది ఆయాల డ్యూటీలకే. అందుకే 1987 నాటి కేంద్ర చట్టం రోజుకు 24 గంటలూ లైసెన్సున్న నర్సు ఉండాలనీ, ఆయాలకు కనీసం 75 గంటల శిక్షణ ఇవ్వాలనీ పట్టుబట్టింది. 2024లో ఇంకో అడుగు పడింది: ఒక్కొక్కరికి రోజుకు 3.48 గంటల సేవ అందాలన్న నిబంధన. నర్సులు దొరకరు, జీతాలకు డబ్బు చాలదని యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. 2025లో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది.

ఇక మొదట చెప్పిన మంటల సంగతి. మంటలు ఆర్పే నీటి గొట్టాలు ప్రతి నర్సింగ్ హోం పైకప్పుకూ ఉండి తీరాలన్న కేంద్ర నిబంధన 2008లో వచ్చింది. గడువు 2013 ఆగస్టు 13. ఫిచ్‌విల్ మంటలకు అప్పటికి యాభై ఏళ్లు నిండబోతున్నాయి.